గుండ్లు పోయి గుండీలు

నా దగ్గర 11 ఖాళీ అట్టపెట్టెలున్నాయి. పెద్దది సబ్బుపెట్టె అంత, చిన్నది లడ్డూ అంత. ఒకప్పుడు జర్మనీలో పిస్టల్ తూటాలు పెట్టి అమ్మిన, సైనికులకి పంచిన పెట్టెలవి. అన్నిటికన్నా పాతది మొదటి ప్రపంచ యుద్ధానికి ముందుది. అన్నిటికన్నా కొత్తది 1944ది. లోపల ఒక్క తూటా కూడా లేదు.

ఈ సంగతి చెప్పగానే మా ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర రెండు సెకన్లు అందరూ గమ్మున అయిపోతారు. తర్వాత ఎవరో ఒకరు "గన్స్ అంటే ఇష్టమా?" అని మెల్లగా అడుగుతారు. నేను తుపాకీ పట్టుకున్నది జీవితంలో ఒక్కసారే. తెనాలిలో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు, బెలూన్లు కొట్టే ఎయిర్‌గన్. ఒక్క బెలూనూ పగల్లేదు. మా అమ్మయితే వీడియో కాల్‌లో పెట్టెలన్నీ చూసి, "ఒరేయ్, ఇక్కడ అటక మీద మీ నాన్న దాచిన టీవీ అట్టపెట్టె, మిక్సీ అట్టపెట్టె ఉన్నాయి. అవి కూడా పంపించమంటావా?" అంది.

సరే, ఈ పిచ్చి ఎలా అంటుకుందో చెప్తా.

నా ఉద్యోగం కార్ల్స్‌రూహెలో. నైరుతి జర్మనీలో ఫ్రాన్స్ సరిహద్దుకి దగ్గరగా ఉండే ఊరు. ఇక్కడ జెడ్‌కేఎం అనే మ్యూజియం ఉంది. కళ, మీడియా, కంప్యూటర్లు అన్నీ కలిసిన చోటు. పాత వీడియో గేములు ఆడుకోవచ్చని ఒక ఫ్రెండ్ లాక్కెళ్లాడు. భవనం చూసి నోరు తెరిచా. 312 మీటర్ల పొడవు. పైనుంచి వెలుతురు పడే 10 పెద్ద హాళ్లు వరుసగా ఉంటాయి. ఇంత వెలుతురు మ్యూజియానికి ఎందుకు, బొమ్మలు పాడవ్వవా అనుకున్నా. తర్వాత తెలిసింది, కట్టింది మ్యూజియం కోసం కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా కట్టిన ఆయుధాల, తూటాల ఫ్యాక్టరీ అది. మ్యూజియం అందులోకి వచ్చింది 1997లో.

ఆ ఫ్యాక్టరీ డీడబ్ల్యూఎం అనే కంపెనీది. పూర్తి పేరు డాయిచె వాఫెన్ ఉండ్ మునిట్సియోన్స్‌ఫాబ్రికెన్, అంటే జర్మన్ ఆయుధాల, తూటాల ఫ్యాక్టరీలు. 1896లో ఏర్పడింది. యుద్ధం ఓడిపోయాక పేరు మార్చుకుంది, 1936లో మళ్లీ పాత పేరే పెట్టుకుంది. రెండో యుద్ధంలో ఆ భవనంలో వేలమంది చేత బలవంతంగా చాకిరీ చేయించారు. యుద్ధం తర్వాత ఇంకోసారి పేరు మారింది. 1970లో ఆగ్స్‌బుర్గ్‌లోని ఒక యంత్రాల కంపెనీతో కలిసిపోయింది. యూట్యూబ్‌లో కార్లకి వెల్డింగ్ చేసే ఆరెంజ్ రంగు రోబో చేతులు చూసుంటారు కదా, కూకా కంపెనీవి? ఆ వంశవృక్షంలో ఈ తూటాల ఫ్యాక్టరీ కూడా ఉందన్నమాట.

తర్వాతి నెల ఒక శనివారం పాత సామాన్ల సంతకి వెళ్తే, చెంచాలూ పోస్టుకార్డుల మధ్య ఒక గోధుమరంగు పెట్టె కనిపించింది. లేబుల్ మీద డీడబ్ల్యూఎం పూర్తి పేరు, కింద కార్ల్స్‌రూహె. మొన్న నేను పాక్‌మ్యాన్ ఆడిన కంపెనీ పెట్టె! 15 యూరోలు ఇచ్చి కొనేశా. మౌజర్ పిస్టల్‌కి వేసే 7.63 ఎంఎం తూటాల పెట్టె అది. డీడబ్ల్యూఎం తన ప్రతి నమూనాకీ ఒక నంబర్ ఇచ్చేది. ఈ మౌజర్ తూటాది 403. లూగర్ పిస్టల్‌కి మొదట వచ్చిన 7.65 ఎంఎం తూటా 471. ఆ తర్వాత 1902లో వచ్చిన 9 ఎంఎం తూటా 480. డేటాబేస్‌లో ప్రైమరీ కీ లాగా అన్నమాట. పేర్లు దేశానికొకటి ఉండొచ్చు, నంబర్ మాత్రం మారదు.

ఆ 480ని ప్రపంచమంతా 9 ఎంఎం పారాబెల్లం అంటుంది. పారాబెల్లం అనేది ఆ కంపెనీ టెలిగ్రాఫ్ చిరునామా. శాంతి కావాలంటే యుద్ధానికి సిద్ధపడు అనే లాటిన్ సామెతలోంచి చివరి ముక్క మాత్రం తీసుకున్నారు. శాంతి ముక్క వదిలేశారు. మన దేశంలో ఇప్పటికీ పోలీసుల 9 ఎంఎం పిస్టళ్లలో పట్టేది ఆ కొలతే.

కమర్షియల్ పెట్టెలు ముద్దుగా ఉంటాయి. కంపెనీ ముద్ర, రంగు లేబులు, తుప్పు పట్టనివ్వదన్న ప్రకటన. ఆర్‌డబ్ల్యూఎస్ అనే కంపెనీ పెట్టెల మీద 'సినాక్సిడ్' అని కనిపిస్తుంది. తుప్పు లేనిది అని అర్థమొచ్చేలా కట్టిన పేరు. అంతకుముందు తూటా పేల్చాక ప్రైమర్ మిగిల్చే ఉప్పు వల్ల గొట్టం తుప్పు పట్టేది, వెంటనే కడుక్కోవాల్సి వచ్చేది. 1928లో ఆ గొడవ పోయేలా కొత్త మిశ్రమం కనిపెట్టారు. దాన్నే పెట్టె మీద గొప్పగా అచ్చేసుకున్నారు. మన సబ్బుల మీద 'కొత్త ఫార్ములా' అని ఉండదూ, అదే.

నన్ను నిజంగా పట్టేసింది మాత్రం సైనిక పెట్టెలు. చూడ్డానికి ఏమీ ఉండవు. గోధుమరంగు అట్ట, తెల్ల లేబులు, నల్ల అక్షరాలు. పైన '16 పిస్టోలెన్‌పట్రోనెన్ 08' అని ఉంటుంది. 08 అంటే 1908లో సైన్యం తీసుకున్న లూగర్ పిస్టల్. మరి 16 ఎందుకు? డజనో, ఇరవయ్యో కాకుండా? ఆ పిస్టల్ మ్యాగజైన్‌లో 8 తూటాలు పడతాయి. పిస్టల్‌లో ఒక మ్యాగజైన్, నడుముకున్న తోలు ఒరలో ఇంకొకటి. రెండూ నింపితే పెట్టె ఖాళీ. లెక్క సరిపోయింది.

ఆ కింద చిన్న అక్షరాల్లో ఐదు వరుసలుంటాయి. తూటా, లోపలి మందు, గుల్ల, ముందుండే గుండు, అడుగునుండే ప్రైమర్. ఒక్కోదానికి ఎదురుగా తయారైన ఫ్యాక్టరీ, ఎన్నో విడత, ఏ సంవత్సరం. మొదటిసారి దీన్ని జర్మన్ నిఘంటువు పక్కన పెట్టుకుని చదివినప్పుడు నాకు నవ్వాగలేదు. ఇది లాక్ ఫైల్! మేం రోజూ కోడ్‌లో పెట్టుకునేదే. ఏ లైబ్రరీ, ఏ వెర్షన్, ఎక్కడ్నుంచి వచ్చింది. రేపు ఎక్కడైనా తూటా పేలకపోతే పెట్టె చూసి ఏ విడత మందులో తేడా వచ్చిందో పట్టుకోవచ్చు. ఆ విడత మొత్తాన్నీ వెనక్కి తెప్పించొచ్చు. కంప్యూటర్ లేని కాలంలో, నాలుగు సెంటీమీటర్ల అట్టముక్క మీద.

చదవడం వచ్చాక యుద్ధం ఎలా నడుస్తోందో కూడా లేబుల్ మీదే కనిపిస్తుంది. ఇత్తడి గుల్ల పోయి ఉక్కు గుల్ల వస్తుంది, రాగికి కరువొచ్చింది కాబట్టి. తర్వాత 08 పక్కన 'ఎం.ఇ.' అని చేరుతుంది. ఇనుప గుండెకాయతో అని అర్థం. సీసం కూడా దాచుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత 'ఎస్.ఇ.', ఇనుప పొడిని గట్టిగా అచ్చు కొట్టిన గుండు. రేడియోలో గెలుస్తున్నామని చెప్పేవాళ్లు. పెట్టె మీద ఇంకో కథ ఉండేది.

ఇంకోటి. 1940 దాటాక ఫ్యాక్టరీ ఏదో శత్రువుకి తెలియకుండా చిన్నక్షరాల కోడ్ వాడారు. 'ఏయూఎక్స్' అంటే మాగ్డెబుర్గ్‌లోని పోల్టె ఫ్యాక్టరీ. 'డీఎన్‌హెచ్' అంటే డుర్లాఖ్. కోడ్ల జాబితా ఇప్పుడు పుస్తకాల్లో దొరుకుతుంది. వెతికి చూసి సంబరపడుతుంటాం. నా దగ్గరున్న ఒక పెట్టె మీద 'కేఏఎం' అని ఉంది. జాబితాలో చూశా. పోలండ్‌లోని స్కార్జిస్కో-కామియెన్నా. హసాగ్ అనే జర్మన్ కంపెనీ అక్కడ యూదుల్ని క్యాంపులో పెట్టి తూటాలు చేయించింది. వేలమంది అక్కడే చచ్చిపోయారు. లేబుల్ మీద మందు ఎక్కడిదో ఉంది, ప్రైమర్ ఎక్కడిదో ఉంది. పెట్టె నింపిన మనిషి గురించి ఒక్క ముక్క లేదు.

ఆ రోజు రాత్రి దాన్ని మళ్లీ అల్మారాలో పెట్టబుద్ధి కాలేదు. అమ్మేద్దామా అనుకున్నా. అమ్మితే ఇంకొకడు కొని లూగర్ బొమ్మ పక్కన పెట్టుకుని ఫొటో తీసుకుంటాడు. పారేస్తే ఆ మూడక్షరాలు కూడా పోతాయి. ఉంచేశా. కానీ అప్పట్నుంచి ప్రతి పెట్టెకీ రాసే కార్డులో ఒక గడి పెంచా. 'లేబుల్ చెప్పనిది' అని. 1944 ఆగస్టుకి జర్మనీలో దాదాపు 76 లక్షలమంది విదేశీయులు ఇలా పనిచేస్తున్నారు. నాకున్న యుద్ధకాలపు పెట్టెల్లో ఆ గడి ఖాళీగా ఉన్నది ఒక్కటీ లేదు.

ఇక దాచడం గురించి. ఇది చాలామంది అనుకునేంత సులువు కాదు. పిస్టల్ ఇనుముతో చేస్తారు, వందేళ్లు ఉండాలని. పెట్టె చింపి పారెయ్యడానికి చేస్తారు. అందుకే లూగర్లు ఇంకా బోలెడున్నాయి, మంచి పెట్టెలు లేవు. ఆ అట్ట చవక చెక్క గుజ్జుతో చేసింది. అందులో ఉండే లిగ్నిన్ గాలికీ వెలుతురుకీ ఆమ్లంగా మారి అట్టని లోపల్నుంచే తినేస్తుంది. పాత పేపరు పసుపెక్కి పెళుసుగా విరిగిపోతుంది చూడండి, అదే రోగం. తగ్గించలేం, నెమ్మదింపజేయగలం. ఆమ్లం లేని కాగితంతో చేసిన పెద్ద పెట్టెలో ఒక్కో పెట్టెనీ వేరువేరుగా పెడతా. లోపల అదే రకం పల్చటి కాగితం ఉండచుట్టి నింపుతా, కూలిపోకుండా. తేమ 40, 50 శాతం మధ్య ఉండాలి. మరీ పొడిగా ఉంటే అట్ట పగులుతుంది, తడిగా ఉంటే బూజు, సిల్వర్‌ఫిష్. 12 యూరోల తేమ మీటరొకటి అల్మారాలో పెట్టా. మా ఇంట్లో నాకంటే దానికే ఎక్కువ గౌరవం. ఎండ అస్సలు తగలనివ్వను.

అన్నిటికన్నా పెద్ద శత్రువు సెలోటేపు. పాత యజమానులు ప్రేమతోనే అంటిస్తారు. ఇరవయ్యేళ్లకి జిగురు గోధుమరంగులోకి తిరిగి కాగితంలోకి ఇంకిపోతుంది, టేపు ఊడిపోతుంది, మరక మాత్రం ఉండిపోతుంది. చిరిగిన చోట నేను వాడేది జపాన్ టిష్యూ కాగితం, గోధుమ పిండి గంజి. మన ఊళ్లో సినిమా పోస్టర్లకి పూసే మైదా జిగురుకి దూరపు చుట్టం అనుకోండి, మైలుతుత్తం కలపకుండా. దీని గొప్పతనం ఏంటంటే, రేపు నాకంటే బాగా తెలిసినవాళ్లెవరైనా కాస్త తడిపి ఊడదీసేయొచ్చు. నేను చేసిన మార్పు వెనక్కి తీసుకునేలా ఉండాలి. గిట్ వాడేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

నకిలీలు కూడా వస్తాయి. యుద్ధ దృశ్యాలు ఆడేవాళ్ల కోసం కొత్తగా అచ్చేసిన పెట్టెల్ని టీ నీళ్లలో ముంచి పాతవని అమ్మేస్తుంటారు. చీకట్లో యూవీ టార్చ్ వేస్తే సగం గుట్టు బయటపడుతుంది. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనాలు 1950 ప్రాంతం నుంచే వాడకంలోకి వచ్చాయి. 1917 లేబులు నీలంగా వెలిగిందంటే దానికి దండం పెట్టి వచ్చెయ్యడమే.

ఒకటి గట్టిగా చెప్పాలి. పెట్టెలో తూటా ఉంటే ముట్టుకోవద్దు. జర్మనీలో పేలని తూటా దగ్గర పెట్టుకోవాలంటే లైసెన్స్ ఉండాలి. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం కూడా అంతే. తాతల కాలంది కదా అని సంచిలో వేసుకోకండి, పోలీసులకి ఫోన్ చెయ్యండి. పాత మందు ఎలా ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. సంతలో సగం నిండిన పెట్టె కనిపిస్తే నేను ధర కూడా అడగను.

ఇప్పుడు 11వ పెట్టె సంగతి.

నేనుండేది డుర్లాఖ్‌లో. ఒకప్పుడు వేరే ఊరు, 1938లో కార్ల్స్‌రూహెలో కలిపేశారు. మా కింద వాటాలో ఒక పెద్దావిడ ఉండేది, ఎనభై దాటిన మనిషి. పార్సిళ్లు నా బదులు తీసి పెట్టేది. నేను పులిహోర చేసినప్పుడు ఒక గిన్నె ఇచ్చేవాణ్ణి, నిమ్మకాయ అన్నం అనేది దాన్ని కూడా. నిరుడు ఆవిడ వృద్ధాశ్రమానికి మారుతూ ఇల్లు ఖాళీ చేస్తుంటే సామాన్లు మొయ్యడానికి వెళ్లా. కుట్టుమిషన్ సొరుగులో చిన్న అట్టపెట్టె. చేతిలోకి తీసుకోకముందే తెలిసిపోయింది. 16 పిస్టోలెన్‌పట్రోనెన్ 08, ఎం.ఇ., 1943. కోడ్ డీఎన్‌హెచ్. అంటే ఇదే ఊరు. మూత మీద పెన్సిల్‌తో 'క్నోప్ఫె' అని రాసుంది. గుండీలు. లోపల 23 తెల్ల చొక్కా గుండీలు.

"మా అమ్మ రాసింది. నాకు బుద్ధి తెలిసినప్పట్నుంచీ ఇందులో ఇవే ఉన్నాయి" అంది ఆవిడ. మీ అమ్మగారికి ఎక్కడిది అన్నా. "అడగలేదు. ఆ రోజుల్లో మేం అడిగేవాళ్లం కాదు." తర్వాత నేనేదో చెప్పబోతుంటే, "ఆ మూడక్షరాలేంటో నాకు తెలుసు. ఫ్యాక్టరీ తెలుసు. అందులో ఎవరు పనిచేశారో కూడా తెలుసు" అంది. కొడుకు పక్కనే చెత్త సంచి పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ పెట్టె నా చేతిలో పెట్టింది. రెండు షరతులు. అమ్మకూడదు. పిస్టల్ పక్కన పెట్టకూడదు.

అమ్మకి ఫోన్‌లో చూపించా. ముందు ముఖం చిట్లించింది. "చావు సరుకు పెట్టిన డబ్బా ఇంట్లో ఎందుకురా" అని. గుండీలు చూపించాక కాసేపు ఏమీ అనలేదు. మా ఇంట్లో సూదీ దారం ఉండేది బిస్కెట్ డబ్బాలో, ఆవాలుండేది హార్లిక్స్ సీసాలో. ఆవిడకి విడమరిచి చెప్పాల్సిన పని లేదు. "గుండ్లు పోయి గుండీలు వచ్చాయన్నమాట" అంది.

ఆ పెట్టె ఫొటో ఒక పాత సేకరణకర్తకి చూపించా. ఎంతో తెలిసిన మనిషి, నాకు చాలా నేర్పాడు కూడా. లేబులు చాలా బాగుందన్నాడు. ఆ పెన్సిల్ రాత మెత్తటి రబ్బరుతో పోతుంది, గుండీలు తీసేస్తే 80 యూరోలకి తనే తీసుకుంటానన్నాడు. రాత ఉంటే 30 కూడా రావన్నాడు. ఆయన లెక్కలో పెట్టె ఫ్యాక్టరీ గుమ్మం దాటినప్పుడు ఎలా ఉందో అలా ఉండాలి. ఆ తర్వాత జరిగిందంతా డ్యామేజీ. సేకరించేవాళ్లలో ఎక్కువమంది ఆయన వైపే ఉంటారు. నాకు మాత్రం ఈ పెట్టె తూటాల పెట్టెగా ఉన్నది మహా అయితే ఒకట్రెండేళ్లు, గుండీల పెట్టెగా 80 ఏళ్లు. రబ్బరు పెడితే ఏది చెరిగిపోతుందో చూడండి. లేబుల్ మీద ఐదు వరుసలున్నా మనిషి చేత్తో రాసింది ఆ ఒక్క మాటే. అమ్మనని చెప్పా. ఆయన భుజాలెగరేశాడు. ఇప్పటికీ స్నేహంగానే ఉన్నాం.

గుండీల విషయంలో చిన్న చిక్కొచ్చింది. ఏ గుండీ ఏ పదార్థంతో చేసిందో తెలియకుండా పాత అట్టకి తాకించి ఉంచడం మంచిది కాదు. కొన్ని రకాల పాత ప్లాస్టిక్ కుళ్లుతూ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. అందుకని గుండీల్ని ఆమ్లం లేని కాగితపు కవరులో వేసి, పెట్టె పక్కనే, ఒకే కార్డు కింద పెట్టా. విడదీసినందుకు మొదట్లో కాస్త బాధేసింది. ముందు ఎలా ఉండేవో ఫొటోలున్నాయి కాబట్టి సరిపెట్టుకున్నా.

పోయిన నెల వృద్ధాశ్రమానికి చూడ్డానికి వెళ్లినప్పుడు ఆవిడ తెల్ల బ్లౌజుకి మెడ కింద గుండీ లేదు. నా వైపు చూసి, "నీ మ్యూజియంలో ఒకటి మిగులుతుందా?" అంది. తర్వాతి ఆదివారం తీసుకెళ్లి ఇచ్చా. ఇంటికొచ్చి కార్డులో 23 మీద అడ్డగీత పెట్టి, పక్కన 22 అని రాసి, తేదీ వేశా.